‘ఏమో’ని ఇంగ్లీషులో ఏమంటారు?

తిరువూరు బస్టాండులో ఓ పావుగంట నిలబడండి. ఫోన్ జేబులో పెట్టేసి, చుట్టుపక్కల మాటలు వినండి.

“బాబాయ్, విజయవాడ బస్సు వెళ్లిపోయిందా?”

“ఇప్పుడే వెళ్లిందంట.”

“మళ్లీ ఎప్పుడుందో ఏమో!”

“అరగంటలో ఇంకోటి ఉండాలి మరి.”

“మైలవరంలో ఆగుద్దా?”

“ఆగుద్దనుకుంటా. ఎందుకైనా మంచిది, ఎక్కేముందు కండక్టర్ని అడుగు.”

పక్కనే సత్తుపల్లి వైపు వెళ్లే ఇంకొకాయన అంటాడు: “మా బస్సు వచ్చింది కావచ్చు, అందరూ అటే ఉరుకుతున్రు.” ఊరు ఆంధ్రా, తెలంగాణ సరిహద్దులో ఉంది కదా, రెండు యాసలూ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి.

ఇప్పుడు ఆ మాటల్ని ఇంకోసారి చూడండి. బాబాయ్ ఎక్కడా అబద్ధం చెప్పలేదు. గట్టిగా తెలుసని కోతలూ కోయలేదు. విన్నదానికి ‘అంట’ తగిలించాడు. లెక్కప్రకారం జరగాల్సినదానికి ‘ఉండాలి’ అన్నాడు. నమ్మకం కాస్త తక్కువున్న చోట ‘అనుకుంటా’ అన్నాడు. తనకు ఏది ఎంతవరకు తెలుసో ఒక్కో మాటకు ఒక్కో తోక తగిలించి చెప్పేశాడు. దీనికి ఆయన ఏ కోచింగూ తీసుకోలేదు.

అదే ఊరి కుర్రాణ్ని ఏదైనా కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ప్రశ్న అడిగి చూడండి. ఆ తోకలన్నీ మాయమైపోతాయి. తెలిస్తే ‘ఎస్ సార్’. తెలియకపోతే ‘నో సార్’. సగం తెలిస్తే? అక్కడే చిక్కు. నోరు పెగలదు. లేదంటే తెలిసినట్టే గట్టిగా చెప్పేసి, రెండో ప్రశ్నకే దొరికిపోతాడు.

సగం తెలిసిన విషయాన్ని సగమే తెలుసని ఇంగ్లీషులో చెప్పడం ఒక విద్య. గ్రామర్ పుస్తకంలో అది ‘మోడల్ వెర్బ్స్’ అనే పాఠంలో ఓ మూల ఉంటుంది. పరీక్షకు చదివి మర్చిపోతాం. కానీ ఉద్యోగంలో రోజూ కావాల్సింది అదే.

ఎంసెట్ అలవాటు

మనకీ ఇబ్బంది ఎందుకొచ్చింది? ఒక కారణం పరీక్షలే. ఎంసెట్ గుర్తుందిగా, ఇప్పటి పేరు ఈఏపీసెట్. ఇంజినీరింగ్ వాళ్లకు 160 ప్రశ్నలు, తప్పుకు మైనస్ లేదు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒక ఆప్షన్ నొక్కెయ్యడమే తెలివైన పని. వదిలేసినవాడే నష్టపోతాడు. జేఈఈ మెయిన్‌లో అలా కాదు, ఒప్పుకు నాలుగు మార్కులొస్తే తప్పుకు ఒకటి పోతుంది. అక్కడ ‘నాకిది ఎంతవరకు తెలుసు?’ అని లోపల లెక్కేసుకోవాలి.

జీవితంలో చాలా చోట్ల మైనస్ ఉంటుంది. తెలియని మందు పేరు తెలిసినట్టు చెప్పినా, రేపటికి పూర్తవదని తెలిసిన పనిని ‘రేపిచ్చేస్తా’ అన్నా పోయేది ఒక్క మార్కు కాదు, మన మాట మీద నమ్మకం.

ఇంకో కారణం ఉంది. మన దగ్గర సందేహాన్ని సగం నోటితో, సగం తలతో చెప్తాం. ఎడమకూ కుడికీ కాకుండా మధ్యలో తల ఊపితే ‘సరేలే, చూద్దాం’ అని ఎదుటివాడికి అర్థమైపోతుంది. ఫోన్లో తల కనపడదు. ఈ-మెయిల్లో అసలే కనపడదు. మొత్తం మాటలతోనే చెప్పాలి.

ఒక్క బండి, ఐదు వాక్యాలు

తెలుగులో మనం చేసే పని ఎంత సున్నితమైందో ఒక్క ఉదాహరణ చూద్దాం. అన్నయ్య ఊర్నుంచి వచ్చాడా లేదా అన్నది విషయం.

కళ్లారా చూస్తే, ‘వచ్చాడు’. పక్కింటి పిన్ని చెబితే, ‘వచ్చాడట’. గుమ్మం ముందు బండి కనిపిస్తే, ‘వచ్చినట్టున్నాడు’. పొద్దున ఎక్కిన బస్సు ఈపాటికి చేరి ఉండాలని లెక్కేస్తే, ‘వచ్చే ఉంటాడు’. ఏ ఆధారమూ లేకపోతే, ‘వచ్చాడేమో’.

చూసింది, విన్నది, గుర్తుని బట్టి పోల్చుకున్నది, లెక్కేసింది, ఊరికే అనుకున్నది. ఐదింటికీ ఐదు రూపాలు. మనకు ఇవి ఊపిరి తీసుకున్నంత తేలిక.

ఇంగ్లీషులో కూడా ఐదింటికీ దారులున్నాయి. చూసిందైతే ‘హీ హాజ్ కమ్’. విన్నదైతే ‘అపారెంట్లీ హీ హాజ్ కమ్’ లేదా ‘ఐ హియర్ హీ హాజ్ కమ్’. గుర్తుని బట్టి చెబితే ‘ఇట్ లుక్స్ లైక్ హీ హాజ్ కమ్’. లెక్కేసి గట్టిగా అనుకుంటే ‘హీ మస్ట్ హావ్ కమ్’. ఏమో అనుకుంటే ‘హీ మైట్ హావ్ కమ్’.

ఈ ఐదు వాక్యాలు నోటికొస్తే సగం పని అయినట్టే. కొత్తగా ఆలోచించడం నేర్చుకోనక్కర్లేదు. తెలుగులో తోక ఎక్కడుంటుందో, ఇంగ్లీషులో దాని బదులు ముందు ఏ మాట రావాలో తెలిస్తే చాలు. తెలుగులో సందేహం వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో ఎక్కువగా మొదట్లోనో, క్రియ పక్కనో ముందే వచ్చేస్తుంది. మనం చివర్లో చెబుదామని ఆగితే, అప్పటికే ఎదుటివాడు ‘ఖాయం’ అని రాసేసుకుంటాడు.

‘డౌట్’తో జాగ్రత్త

తెలుగు అలవాటు ఇంగ్లీషులోకి అలాగే జారిపోతే ఏమవుతుంది? అన్నింటికంటే ప్రమాదకరమైన మాట మనకు బాగా తెలిసిందే. డౌట్.

‘వాన పడుతుందేమోనని నా డౌట్’ అంటే తెలుగులో అర్థం ఏమిటి? వాన పడేలా ఉందని. దీన్ని అలాగే తీసుకెళ్లి ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే ఇంగ్లీషువాడికి అర్థమయ్యేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. వాన పడదనుకుంటున్నా అని! మనం గొడుగు తెచ్చుకోమని చెప్పాం. అతను గొడుగు ఇంట్లో పెట్టి వచ్చాడు.

గొడుగైతే పర్లేదు. ఇలా ఊహించుకోండి. తిరువూరులో ఇంటి దగ్గర్నుంచే పనిచేస్తున్న ఓ అమ్మాయి, విదేశంలో ఉన్న క్లయింటుకు రాత్రి మెసేజ్ పెట్టింది. పండగ సేల్‌కు జనం ఎక్కువొస్తే పేమెంట్ పేజీ ఆగిపోతుందేమోనని ఆమె భయం. ‘ఐ డౌట్ ద పేమెంట్ పేజ్ విల్ క్రాష్’ అని రాసింది. క్లయింటు చదివాడు. ‘ఆగిపోదంటోంది, హమ్మయ్య’ అనుకుని పడుకున్నాడు. తెల్లారి పేజీ ఆగిపోయింది. ఆమె హెచ్చరించింది, అతను హామీ అనుకున్నాడు. ఇద్దరి దగ్గరా అదే మెసేజ్ ఉంది.

ఇక్కడ కావాల్సిన మాట ‘సస్పెక్ట్’. ‘ఐ సస్పెక్ట్ ద పేజ్ మైట్ క్రాష్’ అంటే ఆగిపోతుందేమోనని అనుమానం. లేదా ‘ఐయామ్ వరీడ్ ద పేజ్ మైట్ క్రాష్’ అంటే ఇంకా సూటిగా ఉంటుంది. సస్పెక్ట్ అనగానే పోలీసులు, దొంగలు గుర్తొస్తారు కాబట్టి మనం వాడం. కానీ మామూలు ఆఫీసు మాటల్లో అది చాలా సాధారణమైన పదం.

గుర్తుపెట్టుకోవడానికి ఓ చిట్కా. తెలుగులోనే మనం ‘డౌట్’ని రెండు రకాలుగా వాడతాం. “వాడొస్తాడా?” అంటే “డౌటే!” అంటాం. అంటే రాడనే. ఈ డౌట్ ఇంగ్లీషు డౌట్‌తో కలుస్తుంది, ధైర్యంగా వాడేయండి. “వాడే తీశాడని నా డౌట్” అనే రెండో డౌట్ ఉంది చూశారూ, అది మాత్రం సరిహద్దు దాటదు. దాటేటప్పుడు సస్పెక్ట్ అయిపోవాలి.

క్లాసులో చెయ్యెత్తి ‘సార్, ఐ హావ్ ఎ డౌట్’ అనడం కూడా మన దేశంలో అందరికీ అలవాటే. మన దగ్గర దానర్థం ‘ఒకటి అడగాలి’. బయటివాళ్లకు మాత్రం ‘మీరు చెప్పింది నాకు నమ్మకంగా లేదు’ అన్నట్టు వినిపించే ప్రమాదముంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే గొడవే లేదు.

‘ఇట్ సీమ్స్’ మన ‘అట’ కాదు

రెండో జారుడుబండ ‘ఇట్ సీమ్స్’. ‘వాళ్ల అమ్మాయికి పెళ్లి కుదిరిందట’ అనే మాటను దక్షిణాదిలో చాలామంది ‘హర్ మ్యారేజ్ ఈజ్ ఫిక్స్‌డ్ ఇట్ సీమ్స్’ అంటారు. వాక్యం చివర తోకలా ‘ఇట్ సీమ్స్’. అది అచ్చంగా మన ‘అట’కు ఇంగ్లీషు చొక్కా తొడగడమే. మనలో మనం మాట్లాడుకుంటే ఏ నష్టమూ లేదు, చక్కగా అర్థమవుతుంది.

కానీ బయటివాళ్లకు ‘ఇట్ సీమ్స్’ అంటే ‘నేను చూసినదాన్ని బట్టి నాకలా అనిపిస్తోంది’ అని. అంటే మన ‘అట’ కాదు, మన ‘అట్టుంది’. ఎవరో చెప్పిన మాటను మన సొంత అంచనాగా వాళ్లు తీసుకుంటారు. రేపు అది తప్పని తేలితే ‘నువ్వే కదా అన్నావు’ అంటారు. విన్న మాటకు ‘అపారెంట్లీ’, ‘ఐ హర్డ్ దట్’, ‘ఫ్రమ్ వాట్ ఐ హియర్’, కాస్త మర్యాదగా ‘ఐయామ్ టోల్డ్ దట్’ వాడండి. మాట మనది కాదని మొదట్లోనే చెప్పేసినట్టవుతుంది.

మూడోది చిన్నదే కానీ వాట్సాప్‌లో రోజూ కనిపిస్తుంది. ‘మేబీ’. ఒకే పదంగా రాస్తే ‘బహుశా’. విడదీసి ‘మే బీ’ అని రెండు పదాలుగా రాస్తే ‘అయ్యుండొచ్చు’. ‘మేబీ హీ ఈజ్ ఎట్ హోమ్’, ‘హీ మే బీ ఎట్ హోమ్’ రెండూ ఒప్పే. ‘ఐ మేబీ కమ్’ మాత్రం తప్పు. ‘మేబీ ఐ విల్ కమ్’ అనండి, లేదా ‘ఐ మే కమ్’ అనండి.

నాలుగోది ‘ఐ విల్ ట్రై’. తెలుగులో “ట్రై చేస్తాలే” అంటే సగం కాదన్నట్టే. ఇంగ్లీషు ఆఫీసులో దాన్ని మాటిచ్చినట్టే తీసుకునే వాళ్లున్నారు. కుదరకపోవచ్చు అనిపిస్తే ఆ ముక్కే చెప్పాలి: ‘ఐ మే నాట్ బీ ఏబుల్ టు ఫినిష్ బై ఫ్రైడే’. ‘ఐయామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్’ అన్నా బాగుంటుంది. ఇక్కడ అఫ్రెయిడ్ అంటే భయం కాదు, ‘ఏమనుకోకండి’ అని.

‘ఛాన్స్ ఉంది’ అంటే ఎంత?

మాటలు సరిగ్గా వాడినా ఒక చిక్కు మిగులుతుంది. ‘ఛాన్స్ ఉంది’ అంటే ఎంత ఉన్నట్టు? మీకు 80 శాతం, మీ ఫ్రెండుకు 30 శాతం కావచ్చు. ఇది మన ఒక్కరి సమస్య కాదు.

1951లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో షెర్మన్ కెంట్ అనే అధికారి ఉండేవాడు. ఆ ఏడాది యుగోస్లావియా మీద దాడి జరిగే ‘సీరియస్ పాసిబిలిటీ’ ఉందని ఆయన బృందం ఓ నివేదిక రాసింది. ఒకరోజు విదేశాంగ శాఖ అధికారి ఒకరు మాటల్లో ‘ఆ మాటకు అర్థం ఏమిటి?’ అని అడిగాడు. కెంట్ 65 శాతం అన్నాడు. ఆ అధికారి అదిరిపడ్డాడు, ఆయన చాలా తక్కువే అనుకున్నాడట. కెంట్ తన బృందంలోనే ఒక్కొక్కరిని అడిగి చూశాడు. ఒకరి మనసులో 20 శాతం, మరొకరి మనసులో 80 శాతం! అందరూ కలిసి కూర్చుని, ఒప్పుకుని, రాసిన మాటే అది.

ఆ తర్వాత కెంట్ మాటలకు అంకెలు కట్టాడు. 1964లో దాని మీద వ్యాసం కూడా రాశాడు. ఆయన లెక్కలో ‘ఆల్మోస్ట్ సర్టెన్’ అంటే 93 శాతం ప్రాంతం. ‘ప్రాబబుల్’ అంటే 75 ప్రాంతం. ‘ఛాన్సెస్ అబౌట్ ఈవెన్’ అంటే సగం సగం. ‘ప్రాబబ్లీ నాట్’ అంటే 30 ప్రాంతం. ‘ఆల్మోస్ట్ సర్టెన్లీ నాట్’ అంటే 7 ప్రాంతం.

అయినా పొరపాట్లు ఆగలేదు. 1961లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడికి ముందు, ఆ పథకం నెగ్గడానికి ‘ఫెయిర్ ఛాన్స్’ ఉందని సైనికాధికారుల నివేదిక చెప్పింది. రాసినవాళ్ల ఉద్దేశంలో అది 30 శాతమే. చదివినవాళ్లకు ‘ఫర్వాలేదు, బాగానే ఉంది’ అన్నట్టు వినిపించింది. దాడి ఘోరంగా విఫలమైంది.

వాతావరణ మార్పులపై నివేదికలిచ్చే ఐపీసీసీ శాస్త్రవేత్తలు ఇప్పుడీ తలనొప్పి లేకుండా ముందే నిర్ణయించుకున్నారు. వాళ్ల నివేదికలో ‘లైక్లీ’ అంటే కనీసం 66 శాతం. ‘వెరీ లైక్లీ’ అంటే కనీసం 90. ‘అన్‌లైక్లీ’ అంటే 33 దాటదు.

మన వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్లలోనూ ‘లైక్లీ’, ‘వెరీ లైక్లీ’ వేర్వేరుగా కనిపిస్తాయి. తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి చాలాసార్లు రెండూ కలిసిపోయి ‘కురిసే అవకాశం ఉంది’ అయిపోతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగిన సంగతి మన ఎన్టీఆర్ జిల్లాలో ఎవరూ మర్చిపోరు. వాన విషయంలో ‘వెరీ’ అనే రెండక్షరాల తేడా ఏమిటో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈసారి బులెటిన్ ఫోన్లో తెరిచినప్పుడు ఆ మాటను వెతకండి. రంగు కూడా చూడండి. ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక కదలమని.

గోడమీద పిల్లి, ఫెన్స్ మీద మనిషి

ఇక సరదా భాగం, ఇడియమ్స్. వీటిని బట్టీ పట్టొద్దు. ప్రతిదానికీ మన ఇంట్లోనే ఓ చుట్టం ఉంటుంది, వాళ్లిద్దరినీ పరిచయం చేస్తే చాలు. ఇదేం కొత్త ఆలోచన కాదు. 1868లోనే మద్రాసులో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషు దొర ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ పేరుతో తెలుగు సామెతల్ని పోగేసి, ఇంగ్లీషులో వివరించి అచ్చేయించాడు. ఆయన తెలుగు నుంచి ఇంగ్లీషుకు సామెతల దారి వేశాడు. మనం అదే దారిలో అటునుంచి ఇటు నడుద్దాం.

‘డోంట్ కౌంట్ యువర్ చికెన్స్ బిఫోర్ దే హ్యాచ్’. గుడ్లు పొదగకముందే పిల్లల్ని లెక్కపెట్టొద్దని. మనకైతే ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’. ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే బైక్ మోడల్ వెతికేవాడికి రెండూ సరిపోతాయి.

‘ఆన్ ద ఫెన్స్’. ఎటూ తేల్చుకోలేకపోవడం. చుట్టం గోడమీద పిల్లే కానీ, స్వభావంలో తేడా ఉంది. గోడమీద పిల్లి అంటే ఎటు లాభమైతే అటు దూకేవాడని తిట్టు. మన గురించి మనం అలా చెప్పుకోం. ఇంగ్లీషులో మాత్రం ‘ఐయామ్ ఆన్ ద ఫెన్స్ అబౌట్ ఎంటెక్’ అని నిశ్చింతగా అనొచ్చు. ఎంటెక్ చేయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదని, అంతే.

‘అప్ ఇన్ ద ఎయిర్’. ఇంకా ఏమీ తేలలేదని. మన త్రిశంకు స్వర్గానికి దగ్గర. త్రిశంకు స్వర్గంలో బాధ ఎక్కువ, దీంట్లో తక్కువ. ‘అవర్ ట్రిప్ ఈజ్ స్టిల్ అప్ ఇన్ ద ఎయిర్’.

‘బాల్‌పార్క్ ఫిగర్’. అమెరికా బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చిన మాట. ఉజ్జాయింపు లెక్క. దీన్ని అర్థం చేసుకోవడానికి తిరువూరు వాళ్లకు బేస్‌బాల్ అక్కర్లేదు, మామిడి తోట చాలు. చెట్టు మీద పూత చూసి, తోట ఎన్ని టన్నులిస్తుందో చూపుతోనే కట్టే లెక్క ఉంది చూశారూ, అదే బాల్‌పార్క్ ఫిగర్. మంచు పట్టినా, ఈదురుగాలి కొట్టినా అంకె మారుతుందని కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. ఒక్క జాగ్రత్త, ఇది కాకిలెక్క కాదు. కాకిలెక్కలో మోసం ఉంటుంది, ఉజ్జాయింపులో నిజాయితీ ఉంటుంది.

‘ఎ షాట్ ఇన్ ద డార్క్’. చీకట్లో రాయి విసరడం. తగిలితే తగిలింది. ‘దిస్ ఈజ్ ఎ షాట్ ఇన్ ద డార్క్, బట్ ఈజ్ ఇట్ ఎ నెట్‌వర్క్ ఇష్యూ?’ అంటే, నేను ఊరికే అడుగుతున్నా, తప్పైతే నవ్వొద్దు అని.

‘టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్’. పూర్తిగా నమ్మెయ్యకు అని. దీన్ని తెలుగులోకి ఉన్నదున్నట్టు తెస్తే అభాసే. మన ఉప్పు రోషానికి గుర్తు, అనుమానానికి కాదు. ఫ్యామిలీ గ్రూపులో వచ్చే ఫార్వర్డులన్నిటికీ మాత్రం ఈ ఇడియమ్ అంటించి పెట్టుకోవచ్చు.

‘ప్లే ఇట్ బై ఇయర్’. నోట్స్ చూడకుండా చెవితో విని వాయించడం. మనం ‘అప్పటి పరిస్థితిని బట్టి చూద్దాంలే’ అంటాం. ‘టచ్ అండ్ గో’ మాత్రం సరదాకి వాడేది కాదు. అటో ఇటో అన్నట్టున్న గండానికి వాడతారు.

‘యువర్ గెస్ ఈజ్ యాజ్ గుడ్ యాజ్ మైన్’. నీకెంత తెలుసో నాకూ అంతే. స్నేహితుల మధ్య బాగుంటుంది. ఇంటర్వ్యూలో పెద్దవాళ్లతో అంటే ‘నన్నడిగితే నేనెవరినడగాలి’ అన్నట్టు దురుసుగా వినిపిస్తుంది. అక్కడ వద్దు.

ఇడియమ్ ఎంత ఘాటైతే అంత పొదుపుగా వాడాలి. పది నిమిషాల సంభాషణలో ఒకటి చాలు. ఆవకాయ అన్నంలో కలుపుకోవాలి, గిన్నెతో తాగకూడదు.

తెలియనప్పుడు చెప్పాల్సిన మూడు ముక్కలు

ఇంటర్వ్యూలో సగమే తెలిసిన ప్రశ్న వచ్చింది. అప్పుడు మూడు ముక్కలు వరసగా చెప్పండి. తెలిసినంత చెప్పడం మొదటిది. తెలియని చోటు ఏదో చూపించడం రెండోది. ఎలా తెలుసుకుంటారో చెప్పడం మూడోది.

‘యాజ్ ఫార్ యాజ్ ఐ నో, ఇట్ వర్క్స్ లైక్ దిస్.’ నాకు తెలిసినంతవరకు ఇది ఇలా పనిచేస్తుంది. ‘ఐయామ్ నాట్ ష్యూర్ అబౌట్ ద లాస్ట్ స్టెప్.’ చివరి మెట్టు గురించి మాత్రం గట్టిగా చెప్పలేను. ‘ఐ వుడ్ చెక్ ద డాక్యుమెంటేషన్ ఫస్ట్.’ ముందు ఫలానా చోట చూసుకుంటాను.

ఉద్యోగంలో చేరాక మూడో ముక్క ‘లెట్ మీ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ’ అవుతుంది. ఒక్క షరతు, నిజంగానే చూసి తిరిగి చెప్పాలి.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు ఇది మార్కుల విషయం కూడా. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలుంటుంది. మూడో భాగంలో పెద్ద పెద్ద ప్రశ్నలడుగుతారు. 20 ఏళ్ల తర్వాత పల్లెలు ఎలా ఉంటాయి అన్నలాంటివి. దానికి ఒప్పు జవాబు ఎవరి దగ్గరా లేదు. మీ జోస్యం నిజమవుతుందా అని కూడా చూడరు, మీరు దాన్ని ఎలా మాట్లాడతారో చూస్తారు. ‘ఇట్స్ హార్డ్ టు సే, బట్ ఐ వుడ్ ఇమాజిన్...’ అని మొదలుపెట్టినవాడికి ఆలోచించుకోవడానికి రెండు క్షణాలు దొరుకుతాయి. ఊహను ఊహగానే చెప్పినట్టూ ఉంటుంది.

అలాగని ప్రతిదానికీ అనుమానం తగిలించొద్దు. ‘ఐ థింక్ మై నేమ్ ఈజ్...’ అని మొదలుపెట్టేవాళ్లున్నారు. మీ పేరు, మీ ఊరు, మీరు సొంతంగా చేసిన ప్రాజెక్టు, వీటికి ‘ఐ థింక్’ అక్కర్లేదు. ఖాయంగా తెలిసిన చోట ఖాయంగా చెబితేనే, తెలియని చోట ‘ఐయామ్ నాట్ ష్యూర్’ అన్నప్పుడు దానికో విలువ.

రోజుకు ఐదు నిమిషాలు

అభ్యాసానికి యాప్ కూడా అవసరం లేదు. రాత్రి పడుకునేముందు, ఆ రోజు మీరన్న వాక్యాల్లో ‘అట’, ‘ఏమో’, ‘అట్టుంది’, ‘అనుకుంటా’ తోకలున్నవి ఓ ఐదు గుర్తుచేసుకోండి. ‘కరెంటు మళ్లీ పోతుందేమో’. ‘రేపు కాలేజీకి సెలవట’. ‘అమ్మకి కోపమొచ్చినట్టుంది’. ఒక్కోదాన్నీ ఇంగ్లీషులో చెబుతూ ఫోన్లో వాయిస్ రికార్డు చేయండి. ‘ద పవర్ మైట్ గో అగైన్’. ‘అపారెంట్లీ టుమారో ఈజ్ ఎ హాలిడే’. ‘అమ్మ లుక్స్ యాంగ్రీ’.

తర్వాత ఒక్కో వాక్యం పక్కన మీ మనసులోని శాతం రాసుకోండి. కరెంటు పోతుందని 70, సెలవని 50, అమ్మ కోపం 100. మర్నాడు ఏవి నిజమయ్యాయో చూసుకోండి. 70 అనుకున్నవి పదింట్లో ఏడుసార్లు జరుగుతుంటే మీ అంచనా సరిగ్గా ఉన్నట్టు. పదికి పదీ జరుగుతుంటే మీరు భయపడి తక్కువ చెబుతున్నారు. మూడే జరుగుతుంటే కోతలు కోస్తున్నారు. ఇంగ్లీషు కోసం మొదలుపెట్టిన ఆట, నెల తిరిగేసరికి మీ గురించి మీకే ఏదో చెబుతుంది.

ఆ బస్టాండు బాబాయ్ దగ్గర ఉన్నది ఇదే. తనకు ఎంత తెలుసో ఆయనకు తెలుసు, అంతే చెప్పాడు. అందుకే ఆయన మాట మీద నమ్మకంతో మనం బస్సు కోసం ఆగుతాం. ‘ఎందుకైనా మంచిది, కండక్టర్ని అడుగు’ అన్నందుకు ఆయన విలువ పెరిగిందే కానీ తగ్గలేదు. ఇంగ్లీషులో ‘ఇట్ షుడ్ స్టాప్ దేర్, బట్ ప్లీజ్ చెక్ విత్ ద కండక్టర్’ అంటే కూడా అంతే.

కాబట్టి ఈసారి ఎవరైనా ఇంగ్లీషులో అడిగినప్పుడు ‘ఏమో’ అనడానికి సిగ్గుపడకండి. ఎంత ఏమోనో చెప్పండి, చాలు.